అజానీ బాబా ఆపిన సూర్యుడు

మన నుంచి ఏదైనా కావాల్సి వచ్చినప్పుడే అజానీ బాబా గుర్రం కథ ఎత్తుకుంటాడు. ఊరికే కాలక్షేపమైతే పాము కథ చెబుతాడు, లేదా గవర్నరు భార్య తనని చూసి మూర్ఛపోయిన కథ చెబుతాడు. ఆ సాయంత్రం ఇయా మొరెని కల్లుపాక ముందు చెక్క కుర్చీ లాక్కుని, వదులుగా వేలాడే అగ్బాడా అంగీ చేతులు రెండూ భుజాల మీదికి ఎగదోసుకుని, "అసలు నాకు గుర్రమెక్కడమే రాదు, తెలుసా మీకు?" అన్నాడు. నేను అప్పుడే మగ్గం దిగి వచ్చాను. ఓహో, ఈయనేదో పని మీద వచ్చాడు అనుకున్నా.

కామోరు మోటార్‌సైకిల్ స్టాండు వేసి, మీద పడిన దుమ్ము దులుపుకుంటూ, "ముందు ఏం కావాలో చెప్పండి బాబా, గుర్రం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఊళ్లో జనాన్ని ఆ బండి మీద అటూ ఇటూ తిప్పడం వాడి పని. నోటికి మాత్రం బ్రేకు ఉండదు.

"కావాలని కాదురా, జరగబోయేది చెబుతున్నా. రేపు తెల్లవారేసరికి ఏటి ఒడ్డున కెమెరా పెడుతున్నాం. లాగోస్ నుంచి మా మనవరాలు రోంకె తెస్తోంది. ఉండేది ఒక్క పొద్దే, మధ్యాహ్నానికి తిరిగి పట్టుకుపోవాలి. ఏరు దాటే యుద్ధం తీస్తున్నాం. జనం కావాలి. మగా ఆడా, ముసలీ ముతకా, ఎవరైనా సరే. మీరంతా రావాలి."

బాబా సేనాని వేషం వేసి, తనే తీసిన ఆ పాత సినిమా సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మేం పుట్టకముందుది. ఎక్కడా కాపీ లేదనుకున్నారంతా. ఈమధ్యే ఇబాదాన్‌లో ఎవరి గోదాములోనో ఒకటి దొరికింది. వచ్చే నెల మా టౌన్‌హాల్లో మళ్లీ ఆడిస్తున్నారు.

కామోరు తల గోక్కున్నాడు. "అదేంటి బాబా? ఆ యుద్ధం అప్పుడే తీశామని నేను పుట్టినప్పట్నుంచీ చెబుతున్నారు కదా. తీసేసిన యుద్ధాన్ని మళ్లీ తీయడమెందుకు?"

పాకలోంచి ఇయా మొరెని "హుఁ!" అంది.

ఆ "హుఁ" మామూలుది కాదు. కూతురు మొరెని పుట్టిన దగ్గర్నుంచీ ఇయా మొరెని, అంటే మొరెని అమ్మ, అనే పిలిచి ఆమె అసలు పేరు మేమంతా మర్చిపోయాం కానీ, ఆమె మాట మాత్రం ఎవరూ మర్చిపోరు. సంతలో ఆడవాళ్లందరికీ పెద్ద. ఆమె ఊఁ అంటే రేపు సంత సంతంతా ఏటి ఒడ్డున ఉంటుంది. ఊహూఁ అంటే బాబా సైన్యంలో మిగిలేది నేను, కామోరు, కామోరు మోటార్‌సైకిలు. ఆ సంగతి బాబాకీ తెలుసు. అందుకే కుర్చీ పాక వైపు తిప్పి వేసుకున్నాడు. మాట మాకు చెబుతున్నాడు, విసరడం మాత్రం లోపలికి.

"మా ఇంటి నుంచి ఎవరూ రారు," అంది ఆమె లోపల్నుంచే. "సంతలోంచి కూడా ఎవరూ రారు."

బాబా ఆ మాట విననట్టే సొరబుర్రలో కల్లు ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు. పక్కన బల్ల మీద మాటలు పలికే డోలు పట్టుకుని కూర్చున్న అయన్‌దెలె ముసలాయన వైపు కనుబొమ్మ ఎగరేశాడు. నాటకాల రోజుల నుంచి ఆయనకీ ఈయనకీ జోడీ. ఆయన చంకలో డోలు నొక్కి, వంకీ కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. ఇక కథ ఆగదని అర్థం.

"ఎందుకు తీయాలో చెబుతా, విను. మాది లారీ మీద తిరిగే నాటకం కంపెనీరా. పరుపులూ, పెట్టెలూ, జనరేటరూ, పిల్లాజెల్లా అన్నీ దాన్లోనే. పొద్దున ఊళ్లోకి వెళ్లి మైకులో చెప్పేవాళ్లం, సాయంత్రం ఆడేవాళ్లం. రాసుకున్న నాటకం ఎక్కడిది మాకు? లారీలో పోతూ పోతూ కథ ఇదీ అని నేను చెబితే, స్టేజీ ఎక్కాక ఎవడి మాట వాడిదే. మంచి నటి దొరికితే వేరే కంపెనీవాడు ఎత్తుకుపోకుండా పెళ్లి చేసుకునేవాణ్ణి. నలుగురు హీరోయిన్లు నాకు! నలుగురూ ఒక్క పొయ్యి దగ్గర! అదొక వేరే యుద్ధంలే. అలాంటి రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పా, సినిమా తీస్తున్నాం అని. నవ్వారు. నా పెళ్లాలే నవ్వారు. నవ్వండి, నవ్వి మూటలు సర్దండి అన్నాను. తియ్యనిదే ఈ లారీ ఊళ్లోకి తిరిగి రాదన్నాను. అన్నానా లేదా అయన్‌దెలె?"

డోలు అవునంది.

"సేనాని అన్నాక గుర్రం ఉండాలి కదా. ఇలోరిన్ నుంచి తెప్పించాం. నల్లది, ఒంటి మీద తెల్ల వెంట్రుక లేదు. నాకు ఎక్కడం రాదు. పొద్దున్నే ఎక్కా, పడ్డా. ఎక్కా, పడ్డా. పడినప్పుడల్లా దాని మొహంలోకి చూసి చెప్పా, ఇదిగో చూడు, నువ్వైనా అలిసిపోవాలి, నేనైనా చావాలి, నేను చావను. మధ్యాహ్నానికి అది అర్థం చేసుకుంది. అంతే. ఇందులో గొప్పేం లేదు, పట్టుదల ఉంటే ఎవడైనా నేర్చుకుంటాడు."

"బాగుంది బాబా," అన్నాను నేను. నిజంగానే బాగుంది. అక్కడితో ఆపితే నమ్మేవాణ్ణి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికల్లా దానికి సినిమా వచ్చేసింది! యాక్షన్ అంటే పరిగెత్తేది, కట్ అంటే గిట్ట గాల్లో ఉండగానే ఆగేది. రెండో రోజు నుంచి ఎవడైనా మాట తప్పు చెబితే వాడి వైపు తిరిగి సకిలించేది. శత్రురాజు వేషం వేసిన లమీదీ దానికి భయపడి రాత్రింబవళ్లు తన మాటలు వల్లె వేసుకునేవాడు."

"గుర్రం యోరుబా మాట్లాడిందా?" అన్నాడు కామోరు.

"మాట్లాడలేదురా, నోరు తెరిచి అబద్ధం చెప్పమంటావా? అర్థం చేసుకునేది, అంతే. సకిలింపులో మాత్రం కొంచెం ఇలోరిన్ యాస ఉండేది."

నేను కల్లు మీద నురగ ఊదుకుంటూ నవ్వు దాచుకున్నాను. బాబా పట్టించుకోలేదు. ఆయన చూపు పాక గుమ్మం మీదే ఉంది.

"లమీదీ అంటే గుర్తొచ్చింది. శత్రురాజుగా వాడు ఎంత బాగా చేశాడంటే, సంతలో ఎవరూ వాడికి మిరపకాయ కూడా అమ్మలేదు. 'మా సేనాని బిడ్డని చంపినవాడివి, నీకు పులుసు కూడానా?' అని తరిమేశారు. వాడు చంపింది సినిమాలో, ఆకలి నిజం. పాపం వాడికి వండి పంపింది నా రెండో హీరోయిన్. తర్వాత వాణ్ణే పెళ్లి చేసుకుందనుకో, ఆ సంగతి వదిలెయ్.

"ఇక యుద్ధం రోజు వచ్చింది. ఏరు దాటాలి. సినిమాకంతటికీ అదే గుండెకాయ. మామూలు రోజైతే కోలా కాయ కొరికి మొదలుపెట్టేవాళ్లం. ఆ రోజు నేను ఊరుకోలేదు. ఇమాముని పిలిపించా, పాస్టరుని పిలిపించా, ఒగున్ పూజారిని పిలిపించా. కెమెరా ఇనుమా కాదా? ఇనుము దేవుడికి చెప్పకుండా ఇనుముతో పని మొదలుపెడతామా? ముగ్గురూ వరసగా నిలబడ్డారు. పామాయిల్ పోశారు, నీళ్లు చల్లారు, ఖురాన్ చదివారు. కెమెరాకి అయింది. కత్తులకి అయింది. అప్పుడు నేను, ఆగండయ్యా, బొమ్మ పడేది కెమెరా మీద కాదు కదా, లోపలుండే రీలు మీద కదా, ఆ డబ్బాలు కూడా తెండి అన్నా. తెచ్చారు. పైపైన చల్లితే ఆశీర్వాదం రేకుకి తగులుతుంది కానీ రీలుకి తగులుతుందా? మూతలు తీయండి అన్నా! అంత శ్రద్ధగా చేయించా. ఈ దేశంలో ఇంకే సినిమాకీ అంత పక్కాగా పూజ జరగలేదు."

పాకలో గరిటె ఠంగుమంది. అయన్‌దెలె ఎందుకో డోలు తాళ్లు సవరించుకుంటూ తల దించుకున్నాడు.

బాబా గొంతు పెంచాడు. "జనం సంగతి చెబుతా. నలభై మంది చాలన్నా. వచ్చింది నాలుగు వందలు! అయన్‌దెలె ఒడ్డున నిలబడి డోలుతో ఊరిని పేరుపేరునా పిలిచాడు. పొయ్యి మీద పులుసు పొయ్యి మీదే వదిలేసి వచ్చారు. పెళ్లివారు పెళ్లికూతురితో సహా వచ్చారు. గోడలకి వేలాడే తాతల నాటి కత్తులు దింపుకుని వచ్చారు. నాలుగు వందలేమిటి, నాలుగు వేలు! ఒడ్డు సరిపోక చెట్లెక్కి నిలబడ్డారు. అది చూసి ఎవడో రాజధానికి కబురు పెట్టాడు, ఇక్కడేదో తిరుగుబాటు జరుగుతోందని. అప్పుడు దేశంలో మిలిటరీవాళ్ల పాలన కదా. దడదడమంటూ లారీలు దిగాయి. తుపాకులు, టోపీలు. పెద్ద ఆఫీసరు నా గుర్రం ముందుకొచ్చి, 'ఎవడు మీ సేనాని?' అన్నాడు. నేనే అన్నా. 'ఎవరి మీద యుద్ధం?' అన్నాడు. నేను గుర్రం దిగలేదు. ఆయన కళ్లలోకి చూసి, అయ్యా, ఇది నా సినిమా, సూర్యుడు పోకముందే ఏరు దాటాలి, మీరు అడ్డు తప్పుకుంటారా, వేషం వేస్తారా అన్నా."

"హమ్మా!" అన్నాను నేను. "కాల్చలేదా?"

"సెల్యూట్ కొట్టాడు! శత్రురాజు వైపు జనం తక్కువ పడ్డారంటే తన బెటాలియన్ మొత్తం అటు నిలబెట్టాడు. చిక్కెక్కడొచ్చిందంటే, కథలో వాళ్లు ఓడి పారిపోవాలి. పారిపోవడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు. వరసగా, అడుగులో అడుగు వేసుకుంటూ పారిపోతున్నారు. అలా కాదయ్యా, భయపడండి అని సగం పూట నేర్పించా. ఆ ఆఫీసరు ఏడ్చినంత పని చేశాడు, ఇంత చదువు మా స్కూల్లో చెప్పలేదని."

అయన్‌దెలె డోలు మీద ఆ పారిపోయే నడక వాయించి చూపించాడు. కామోరు బల్ల మీద కొట్టి నవ్వాడు. లోపల మాత్రం చప్పుడు లేదు.

"మొదలుపెట్టాం. బాణాలు వానలా వస్తున్నాయి. ఒకటి సూటిగా నా మొహానికే వచ్చింది. తప్పుకుంటే బొమ్మలోంచి బయటికి పోతాను, కెమెరా మళ్లీ మొదటికొస్తుంది. తప్పుకోలేదు. పళ్లతో పట్టుకున్నా! పట్టుకుని, అలాగే సేనాని శపథం మొత్తం చెప్పా."

"నోట్లో బాణం పెట్టుకుని శపథం ఎలా చెప్పారు బాబా?"

"అదేరా నటనంటే. మీ కుర్రకారుకి నోట్లో ఏమీ లేకపోయినా మాట స్పష్టంగా రాదు." బాబా ముందుకు వంగాడు. "విను, అసలు ఇప్పుడు మొదలవుతుంది. ఏరు సగం దాటామా, నీళ్లు కదిలాయి. ఆ ఏట్లో మన ముత్తాతల కాలంలో నిజం యుద్ధం జరిగింది కదా? అప్పుడు పోయినవాళ్లంతా అడుగు నుంచి లేచొచ్చారు. నాచు పట్టిన కవచాలు, చేతుల్లో కత్తులు. ఒక పెద్దాయన నా పక్కకొచ్చి కాసేపు చూసి, 'నాయనా, కత్తి పట్టుకునేది అలా కాదు' అని నా వేళ్లు సరిచేసి పోయాడు. ఇదిగో, ఈ బొటనవేలు. ఇప్పటికీ చల్లగా ఉంటుంది, ముట్టుకుని చూడు."

కామోరు ముట్టుకుని చూశాడు. "కల్లుబుర్ర పట్టుకున్న వేలు చల్లగానే ఉంటుంది. ఇంతకీ ఆ చచ్చినవాళ్లు తెర మీద కనబడ్డారా?"

"పిచ్చివాడా, చచ్చినవాళ్లు తెర మీద కనబడరు."

"బతికున్నవాళ్లు కనబడ్డారా?" అంది ఇయా మొరెని లోపల్నుంచి.

డోలు ఆగింది. బాబా వెంటనే లాఘవంగా మాట అందుకున్నాడు. డెబ్బై దాటినా ఆ నేర్పు పోలేదు. స్టేజీ మీద ఎన్ని వందలసార్లు ఎదుటివాడు అనుకోని మాట అంటే సర్దుకున్నాడో.

"బతికున్నవాళ్లలో ముందు నడిచిందెవరో తెలుసా? చెబుతున్నా, అందరూ వినండి. అబెకె! యుద్ధానికి పాట ఎత్తే ఆడమనిషి కావాలన్నాను. ఊళ్లో ఎవరి గొంతు అని అడిగితే నాలుగు వేల మందీ ఒకే పేరు చెప్పారు. పెళ్లినాటి బట్ట కట్టుకొచ్చింది. ఎర్ర మట్టి రంగు నేత, మీద తెల్ల చారలు. నడుం లోతు నీళ్లలోకి దిగి పాట ఎత్తిందీ, నా నల్ల గుర్రం మోకాళ్ల మీద కూర్చుంది! మిలిటరీవాళ్లు టోపీలు తీశారు. ఏరు, ఒట్టేసి చెబుతున్నా, ఏరు పారడం ఆపి విన్నది. అప్పుడే కెమెరామన్ అరిచాడు, బాబా, వెలుతురు పోతోంది, రేపు చూసుకుందాం అని. రేపా? ఇంత జనం రేపు మళ్లీ వస్తారా? నేను తల పైకెత్తా. సూర్యుడు చెట్ల మీదికి జారుతున్నాడు. ఒరే! అన్నాను. ఎక్కడికిరా? ఇంకా నేను కట్ చెప్పలేదు!

"ఆగాడు.

"నిజంగా ఆగాడు! ఎక్కడున్నవాడు అక్కడే. కోళ్లు గూళ్లకి పోవాలో వద్దో తెలియక దారిలో నిలబడ్డాయి. మసీదు మీద నమాజుకి పిలిచేవాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు, సూర్యుడు దిగితే కదా పిలవడానికి! మేం తీరుబడిగా ఏరు దాటాం. అబెకె పాట పూర్తి చేసింది. నేను ఆవలి ఒడ్డున కత్తి పాతాను. అప్పుడు చెప్పా, కట్! పాపం, ఎంతసేపు నిలబడ్డాడో ఏమో, ఒక్కసారిగా దభీమని కిందపడ్డాడు. ఆవలి ఊళ్లో చప్పుడు వినబడిందట. ఇదిగో ఇయా మొరెని, నిజం చెప్పాలంటే వాడు నా కోసం ఆగలేదమ్మా. మీ అమ్మ పాట కోసం ఆగాడు."

కామోరు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. ఇయా మొరెని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కల్లు వంచే గరిటె. ఆమె నవ్వడం లేదు, కోపంగానూ లేదు. అలా చూడ్డం నేనెప్పుడూ చూడలేదు.

"బాబా," అంది, "కథ బాగుంది. ఎప్పుడూ బాగానే ఉంటుంది. నేనొకటి చెప్పనా?"

"చెప్పమ్మా."

"రీలు డబ్బా మూత ఎండలో తీయకూడదు. కెమెరాలోకి వెళ్లేదాకా దానికి వెలుతురు తగలకూడదు. తగిలిందా, ఇక దాని మీద ఏ బొమ్మా పడదు. అది నాకెలా తెలుసు? మా అమ్మ చెప్పింది. మా అమ్మకెలా తెలుసు? లండన్‌లో కడిగి పంపిన రీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి ఉత్త నలుపని, మీ కెమెరామన్ ఈ పాకలోనే కూర్చుని ఏడిస్తే తెలిసింది. మీరు ఆశీర్వాదం లోపలికి పోవాలని మూతలు తీయించారు. ఆశీర్వాదం కన్నా ముందు ఎండ పోయింది. గుర్రం పోయింది, బాణం పోయింది, సూర్యుడు పోయాడు. ఏరు దాటిన ఒక్క మనిషి కూడా ఆ సినిమాలో లేడు."

కామోరు నా వైపు చూశాడు. నేను అయన్‌దెలె వైపు చూశాను. ఆయన డోలుని ఒళ్లో పడుకోబెట్టి దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"మరి యుద్ధం చోట ఏముంది?" అన్నాడు కామోరు మెల్లగా.

"కుర్చీ," అంది ఆమె. "మళ్లీ తీయడానికి రీలు లేదు, జనం లేరు. అందుకని గోడ ముందు కుర్చీ వేసుకుని, సేనాని వేషంలో బాబా కూర్చుని, యుద్ధం ఇలా జరిగింది, అలా జరిగింది అని చెబుతారు. పక్కన అయన్‌దెలె బాబా డోలు. యుద్ధమంతా అదే. ఇప్పుడు మీరు విన్న కథ ఆ రోజు తెర మీద మొదలైంది. అప్పట్లో సూర్యుడు లేడు, మిలిటరీ లేదు. ఏటేటా కలుస్తూ వచ్చారు."

బాబా కల్లు మిగిలున్న సొరబుర్ర నేల మీద పెట్టేశాడు. అది కూడా నేనెప్పుడూ చూడలేదు.

"మా అమ్మ చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని టౌన్‌హాలుకి వెళ్లింది. ముందు వరసలో కూర్చుంది. ఆ బట్టే కట్టుకుంది, తెర మీద ఉన్నది నేనేనని అందరూ పోల్చుకోవాలని. యుద్ధం వచ్చింది. కుర్చీ వచ్చింది. ఇంటికొచ్చి ఏమందో తెలుసా బాబా? ఈ ఊళ్లో ఆ ముక్క కోసేసి ఉంటారు, పక్క ఊళ్లో చూపిస్తారు అంది. పక్క ఊరు వెళ్లింది. ఆ తర్వాతి ఊరూ వెళ్లింది. మీ లారీ వెనకాల ఊరూరూ తిరిగింది. నన్ను వీపున కట్టుకుని తిరిగింది. అన్నిచోట్లా మీరు కుర్చీలోనే ఉన్నారు. పోయేముందు కూడా అడిగింది, ఈసారి ఎక్కడ ఆడుతోందే అని."

సంతలో ఎవరినైనా ఒక్క మాటతో కూర్చోబెట్టే మనిషి, గరిటె గుమ్మానికి ఆనించి మోచేత్తో మొహం తుడుచుకుంది.

బాబా కథ చెప్పే గొంతు కాకుండా మామూలు గొంతుతో, "అందుకేనమ్మా రేపు" అన్నాడు. "దొరికిన కాపీ రోంకె నాకు వేసి చూపించింది. కుర్చీ రాగానే పక్కకి తిరిగా, చూడలేకపోయా. తాతా, అక్కడ ఖాళీ చోటు ఉంది, పూడుద్దామా అంది. నా మోకాళ్లు పనిచెయ్యవు. గుర్రం ఎక్కలేను. గుర్రం మీద నా వేషంలో ఎవరినో కూర్చోబెట్టి, మొహం కనబడకుండా వెనక నుంచి తీస్తారట. ఏమైనా చెయ్యనీ. ఆ ఏరు దాటకుండా నేను పోను. మీరు ఒక్కరూ రాకపోయినా నేనూ అయన్‌దెలె దాటుతాం."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. అయిపోయిందనుకున్నాం. కామోరు బండి తాళాలు కూడా తీశాడు. కాసేపటికి చేతిలో మడత పెట్టిన బట్ట పట్టుకుని వచ్చింది. ఎర్ర మట్టి రంగు, తెల్ల చారలు. నేను నేతవాణ్ణి, దూరం నుంచే పోల్చుకున్నాను. అలాంటి నేత ఇప్పుడు మా ఊళ్లో ఎవరూ నేయడం లేదు.

"పాట నాకు వచ్చు," అంది. "అమ్మ నిలబడ్డ చోటే నిలబడతా."

అజానీ బాబా కుర్చీలోంచి లేచాడు. అగ్బాడా దగ్గరగా చుట్టుకుని, ఒక చెయ్యి నేలకానించి, తర్వాత రెండోది ఆనించి, ఆ దుమ్ములో బోర్లా సాగిలపడ్డాడు. ఇయా మొరెని అదిరిపడి వెనక్కి జరిగింది. "అయ్యయ్యో, లేవండి బాబా, నేను మీకన్నా చిన్నదాన్ని!"

"నీకు కాదు," అన్నాడు నేల మీద నుంచే. "అబెకె నాకన్నా పెద్దది."

మొక్కడమైతే మొక్కాడు కానీ లేవడం చేతకాలేదు. నేనొక చెయ్యి, కామోరు ఒక చెయ్యి పట్టుకుని లేపాం. నాలుగు వేల మంది సేనాని బాగానే బరువున్నాడు. "రేపు గుర్రం నేను తోలతా బాబా," అన్నాడు కామోరు ఆయన గడ్డానికంటిన దుమ్ము దులుపుతూ. "బండి నడిపినవాణ్ణి, గుర్రం ఎంత?"

"పడతావు," అన్నాడు బాబా.

"మళ్లీ ఎక్కుతా."

బాబా మొహం వెలిగింది. ఊపిరి పీల్చుకుని, కూర్చోబోతూ వెనక్కి చెయ్యి చాచాడు. కుర్చీ లేదు. ఇయా మొరెని అప్పటికే దాన్ని పాకలోకి తీసుకుపోయి, పీపాల వెనకాల తలకిందులుగా పెట్టి వస్తోంది.

"సంతవాళ్లందరికీ కబురు పంపుతున్నా," అంది చేతులు తుడుచుకుంటూ. "పూజ కావాలంటే చేయించుకోండి. పూజారులు మాత్రం కెమెరాకి ఏటి వెడల్పంత దూరంలో నిలబడాలి. ఆ కుర్చీ ఇక్కడే ఉంటుంది."

"అలాగే."

"ఇంకో సంగతి. రేపు సూర్యుడు మీ కోసం ఆగడు బాబా. వాడికన్నా ముందే వచ్చెయ్యండి."

బాబా మిగిలిన కల్లు నిలబడే తాగాడు.